సాకే వాసన చూసే అక్క

మొన్న శుక్రవారం నమాజు చేసుకుని గదికొచ్చి, వంటింట్లో గిన్నె మూత తీశానో లేదో, గుప్పుమని కొట్టింది వాసన. షార్జా అల్ నహ్దాలో మా గదిలో అందరం బ్యాచిలర్లమే, వంటకు వంతులు వేసుకుంటాం. ముందురోజు వంతువాడు అన్నం వండి, ఎవరికీ చెప్పకుండా డ్యూటీకి పోయాడు. గదిలో ఏసీ ఉంది గాని దాని చల్లదనం వంటింటి గడప దాటదు. అన్నం నీరూరి, అంచుల్లో బుడగలు కట్టి, శుభ్రంగా పులిసి కూర్చుంది. "పారెయ్ భాయ్, ఖలాస్ అయిపోయింది అది" అని వెనక నుంచి అరుస్తున్నారు. నేను మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఉల్లిపాయల మీదికి నెట్టేద్దామనుకున్నాను. ఆ పూట ఉల్లిపాయలు కూడా లేవు.

ఆ వాసనతో నాకు గుర్తొచ్చింది అక్క. సొంత అక్క కాదు. దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్లో జపాన్ రెస్టారెంటు ఉండేది. అందులో నేను బొగ్గుల మీద చేపలు కాల్చేవాణ్ణి, ఆవిడ సాకే చూసేది. సాకే అంటే జపాన్‌వాళ్ళు బియ్యంతో చేసుకునే మందు. ఏ సీసా బాగుంది, ఏది పాడైంది, ఏది చల్లగా పొయ్యాలి, ఏది వెచ్చబెట్టి పొయ్యాలి, ఏ చేప పక్కన ఏది పెట్టాలి, ఇవన్నీ తేల్చి అతిథి బల్ల మీదికి పంపడం ఆవిడ ఉద్యోగం. పేరు రాయను. రాస్తే కోప్పడుతుంది, ఆవిడ కోపం నాకు తెలుసు. ఇప్పుడు ఊళ్ళో ఉంటోంది. ఫోన్ చేసినప్పుడల్లా ముక్కు బాగైపోయిందిరా అంటుంది. సంతోషం అక్కా అంటాను నేను. అంతకంటే ఏమీ అడగను.

మొదటి రోజే తిట్లు తిన్నాను. కొత్తగా చేరిన హుషారులో, "ఏందక్కా, ఈ జపానోళ్ళ సారాకి ఇంత మర్యాదా?" అన్నాను. చేతిలో గిన్నె కింద పెట్టి నా వైపు తిరిగింది.

"ఏరా అబ్బాయ్, మీ నెల్లూరోళ్ళకి కాసినదానికీ పులిసినదానికీ తేడా తెలీదా? సారా కాస్తారు. ఇది పులుస్తుంది, మీ ఇంట్లో దోసెల పిండి పులిసినట్టు. ఇంకోసారి సారా అన్నావంటే చేప బదులు నిన్ను పెడతాను ఆ బొగ్గుల మీద."

ఆవిడది నరసాపురం వైపు. ఇంట్లో అమ్మ నర్సు, పిన్ని నర్సు, చెల్లెలు నర్సు. ఈవిడ కూడా నర్సింగులో చేరి మధ్యలో వదిలేసింది. కారణం అడిగితే ముక్కు చూపించేది. "ఫినాయిలు కింద ఏముందో నాకు తెలిసిపోయేదిరా. ఏ మంచం మీద పుండు చెడిపోతోందో గుమ్మంలోనే తెలిసేది. అలా తెలుస్తుంటే ముద్ద ఎలా దిగుద్ది?" నర్సు పనికి అడ్డం పడిన ఆ ముక్కే తర్వాత ఆవిడకి అన్నం పెట్టింది. ఇంట్లోవాళ్ళకి మాత్రం హోటల్లో సూపర్‌వైజర్‌నని చెప్పుకుంది. చర్చికి వెళ్ళే కుటుంబం. కూతురు మందు వాసన చూసి బతుకుతోందంటే తల్లి మొహం ఎక్కడ పెట్టుకుంటుందని ఆవిడ భయం.

బారు చుట్టుపక్కల ఆవిడ చట్టాలు వేరుగా ఉండేవి. సెంటు కూడదు. తలనూనె కూడదు. ఘాటు సబ్బు కూడదు. ఫిలిప్పీన్స్ అమ్మాయిలు చేతులకి క్రీము రాసుకొస్తే వెనక్కి పంపేసేది. నేను చేరిన యేడు రంజాన్ పండగకి కొత్త చొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని డ్యూటీకి వచ్చాను. నేనింకా తలుపు దగ్గరే ఉన్నాను. ఆవిడ వీపు నా వైపుంది. తిరక్కుండానే అంది: "పండగ ముబారక్. ఎల్లి కడుక్కుని రా. చెవుల వెనకాల కూడా. అత్తరు అక్కడే దాక్కుంటుంది, నాకు తెలుసు."

కడుక్కొచ్చాను. ఆ తర్వాత ప్రతి పండక్కీ అదే తంతు. కావాలనే పూసుకుని వెళ్ళేవాణ్ణి. ఊళ్ళో పండగ రోజు అమ్మ తిడుతూ నెత్తిన చెయ్యి పెట్టేది, ఇక్కడ ఈవిడ తిడుతూ కడుక్కోమనేది. ఆ తిట్టు తినకపోతే నాకు పండగ అయినట్టు ఉండేది కాదు.

ఆవిడ వాసన చూసే పద్ధతి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. చిన్న తెల్ల పింగాణీ గిన్నె, దాని అడుగున రెండు నీలి వలయాలు. సాకే పోస్తే ఆ వలయాలు ఎంత తేటగా కనిపిస్తాయో ముందు చూసేది. తర్వాత కళ్ళు మూసుకుని, ముందు ఎడమ ముక్కుతో, తర్వాత కుడి ముక్కుతో వాసన పీల్చేది. తర్వాత ఒక గుక్క నోట్లోకి తీసుకుని, గాలి కలిపి జుర్రుమనిపించి, పక్కనున్న స్టీలు మగ్గులోకి ఉమ్మేసేది. కళ్ళు తెరిచి ఒక్క మాట అనేది. అతిథులకైతే మెలన్, పియర్ అని చెప్పేది గాని, నాతో అనే మాటలు వేరు. ముంజికాయ. వార్చిన అన్నం ఆవిరి. పాలు పొంగి పొయ్యి మీద పడ్డ వాసన. ఒకసారి ఒక సీసాని "కొత్త చాప" అంది. నేను నవ్వితే, "నవ్వకు, నీ చేప పక్కన ఇదే సరిపోద్ది, చూడు" అని, వెచ్చబెట్టి, నేను కాల్చిన కానాగంతతో పాటు పంపించింది. ఆ బల్లవాళ్ళు ఆ చేపనే మళ్ళీ అడిగారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, సాయంత్రం బేరం మొదలయ్యేలోపు కాస్త తీరుబడి ఉండేది. అప్పుడు ఆవిడ ఇంటి నుంచి తెచ్చుకున్న బాక్సు తెరిచేది. షార్జాలో మందు నిషేధం, ఆవిడ ఉండేది మా అల్ నహ్దాలోనే. ఇంట్లో వంట, హోటల్లో సాకే, రెండూ కలిసేది ఆ కాసేపే. ఉప్పుచేప వేపుడు ఒక ముక్క తిని ఒక గుక్క చూసేది. రొయ్యల ఇగురు, మరో గుక్క. నేను తినేవాణ్ణి, ఆవిడ ఉమ్మేది. మనకి మందు ముట్టే అలవాటు లేదు, అందుకని నా వాటా ఎప్పుడూ తిండే. "చేప మీద సాకే గెలవకూడదురా. సాకే మీద చేప గెలవకూడదు. ఇద్దరూ కలిసి ఇంటికెళ్ళాలి" అనేది. ఒక్క గోంగూర దగ్గర మాత్రం ఓడిపోయింది. ఎన్ని సీసాలు మార్చినా గోంగూర అన్నిటినీ మింగేసింది. ఆ రోజు చేతులెత్తేసి, "దీనికి మజ్జిగే మొగుడు" అని బాక్సు మూసేసింది.

ఇక కరోనా వచ్చింది. హోటలు మూశారు, మళ్ళీ తెరిచారు. ముక్కులో పుల్లలు పెట్టించుకుంటూ, మూతికి గుడ్డలు కట్టుకుంటూ పనిలోకి దిగాం. ఆ మరుసటి యేడు మొదట్లో ఆవిడకి జ్వరం వచ్చింది, పెద్దగా ఏమీ కాలేదు, తిరిగి వచ్చేసింది. కాస్త మాట తగ్గింది. నీరసం అనుకున్నాం.

ఆ యేడు రంజాన్ పండగ నాడు మామూలుగానే అత్తరు పూసుకుని వెళ్ళాను. తలుపు దగ్గర ఆగాను. ఏమీ అనలేదు. బారు దాకా వెళ్ళాను. గిన్నె వాసన చూడ్డానికి మాస్కు గడ్డం కిందికి లాక్కుని ఉంది. ఆవిడ భుజం పక్కనే నిలబడ్డాను.

"పండగ ముబారక్ రా. బిర్యానీ తెచ్చావా, ఉత్త చేతులేనా?" అంది.

నేను కదల్లేదు. "అక్కా" అన్నాను.

"ఏంటి?"

"ఏం లేదా?"

ముందు అర్థం కాలేదు. తర్వాత నా కొత్త చొక్కా చూసింది. నా మెడ చూసింది. గిన్నె మెల్లగా కింద పెట్టి, బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుంది.

"పూసుకొచ్చావా?"

"ఊఁ."

"ఎక్కువ పూసుకున్నావా?"

"మామూలు కంటే ఎక్కువేక్కా. లాక్‌డౌన్ పోయి వచ్చిన పండగ గదా."

ఆవిడ నా చెయ్యి లాక్కుని, మణికట్టు ముక్కుకి ఆనించుకుని పీల్చింది. మళ్ళీ పీల్చింది. ఎంత గట్టిగా పీల్చిందంటే దగ్గొచ్చింది. చెయ్యి వదిలేసి గోడ వైపు తిరిగింది. "ఎవరికీ చెప్పకు" అంది. అంతే అంది. అన్ని వారాల నుంచీ ఆ గిన్నెలు వాసన చూస్తున్నట్టు నటిస్తోందని, సీసా మీద పేరు చూసి పాత జ్ఞాపకంతో చెప్పేస్తోందని నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజు నేను తెచ్చిన బిర్యానీ ఇద్దరం ముట్టుకోలేదు.

మా మేనేజర్ని ముదీర్ అనేవాళ్ళం. తర్వాతెప్పుడో అదే మాట మీద అంది: "ముదీర్‌కి తెలిస్తే ఉద్యోగం పోద్ది, ఉద్యోగం పోతే వీసా పోద్ది. పోనీ. ఎక్కడో ఒకచోట బతుకుతాను. ముక్కు లేకపోతే నేనెవర్నిరా?" అంతలోనే "ఇప్పుడైతే నర్సుగా పనికొస్తాను" అని నవ్వింది. ఆ నవ్వు వినలేక నేను బొగ్గులు కదపడానికి పోయాను.

డాక్టరు ఒక సాధన చెప్పాడట. లవంగం, నిమ్మతొక్క, గులాబీ నీళ్ళు, నీలగిరి తైలం. రోజూ ఒక్కొక్కటీ వాసన చూస్తూ, అది ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలి. నాలుగు చిన్న డబ్బాలు తెచ్చి స్టోరు గదిలో, బియ్యం బస్తాల వెనక దాచింది. ఆ తీరుబడి వేళ ఇప్పుడు ఉప్పుచేపలకి కాదు, ఆ డబ్బాలకి పోయేది. ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చుంటే నేను ఒక్కొక్క డబ్బా ముక్కు దగ్గర పెట్టేవాణ్ణి. "ఇది?" "లవంగం." కాదు. "ఇది?" "ఆగు, ఆగు... లవంగమే." అదీ కాదు. ఒకరోజు పొరపాటున ఖాళీ డబ్బా పెట్టాను, నిమ్మతొక్క అంతకుముందే కింద పడిపోయింది. ఆవిడ చాలాసేపు పీల్చింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి, విడిపోయాయి. "నిమ్మ. నిమ్మే కదూ? సన్నగా, దూరంగా వస్తోందిరా" అంది. కళ్ళు మూసుకునే నవ్వుతోంది. "అవునక్కా, నిమ్మే" అన్నాను.

ఒకసారి వాళ్ళమ్మ దగ్గర్నుంచి పార్శిలు వచ్చింది. ఎండురొయ్యలు. హోటల్ స్టాఫ్ రూములో సంచీ విప్పగానే నేపాలీ కుర్రాడు, ఫిలిప్పీన్స్ అమ్మాయిలు ముక్కులు మూసుకుని బయటికి పరుగెత్తారు. నేను లోపలికి వెళ్ళేసరికి ఆవిడ ఒక్కతే ఉంది. ఆ సంచీలో మొహం పెట్టుకుని పీలుస్తోంది. తల ఎత్తలేదు. రొయ్యపొట్టు బుగ్గలకీ, తడికీ అంటుకుని ఉంది. "ఇంత కంపు కూడా రావట్లేదేంట్రా" అంది. మంచి వాసన కోసం ఏడ్చేవాళ్ళని చూశాను గాని, కంపు కోసం ఏడ్చే మనిషిని అప్పుడే చూశాను.

నన్ను అడిగింది కూడా అప్పుడే. మొహం కడుక్కొచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాలుక ఉందిరా. ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తున్నాయి. చిక్కనో పల్చనో తెలుస్తోంది. ముక్కొక్కటే అరువు కావాలి. నీది ఇవ్వు."

"నేనా? నేను తాగనక్కా, నీకు తెలుసు గదా."

"తాగమన్నానా? వాసన చూడమన్నాను."

"అది గూడా హరామేమో."

"మీ పెద్దాళ్ళనడుగు."

అడిగితే వద్దంటారని ఎవర్నీ అడగలేదు. అల్లాకి ఎలాగూ తెలుసు, మనుషులకి తెలియకపోతే చాలనుకున్నాను. వంటవాడు అతిథుల సీసాల్లో ముక్కు పెట్టాడని ముదీర్‌కి తెలిస్తే మాత్రం ఆవిడతో పాటు నేను కూడా విమానం ఎక్కాల్సిందే. ఆ ముదీర్ లెబనాన్ మనిషి, చెడ్డవాడు కాదు గాని, హోటల్ పేరు దగ్గరకొస్తే ఎవర్నీ వదలడు.

మొదట్లో నా వల్ల కాలేదు. వాసన చూసి ఏదో పండు అనేవాణ్ణి, లేదంటే బాగుంది అనేవాణ్ణి. ఆవిడ తల పట్టుకునేది. ఒకరోజు విసుగొచ్చి, "నీ మాటలు నాకొద్దు. నా వైపు తిరిగి వాసన చూడు. నీ మొహం చాలు" అంది. ఆ రోజు నుంచి అదే మా పని పద్ధతి. నేను గిన్నె ముక్కు దగ్గర పెట్టుకునేవాణ్ణి, ఆవిడ నా మొహంలోకి చూస్తూ తన గిన్నెలోంచి ఒక గుక్క తీసుకునేది. "కనుబొమ్మ ఎగిరింది, పండు రకం. ముక్కు చిట్లించావు, తడిసిన అట్ట వాసనొస్తోంది కదూ, పక్కన పెట్టు. నోరూరింది, ఇది చేపకి." నాకు తెలియనిది నా మొహంలో ఆవిడకి తెలిసేది. ఆవిడ నాలుక, నా ముక్కు కలిసి ఒక మనిషిగా చాలాకాలం నెట్టుకొచ్చాం. ఒక్క అతిథి వంక పెట్టలేదు. ఎవరైనా మెచ్చుకుంటే వచ్చి నా ముక్కు మీద వేలితో కొట్టి, "నీకే చెప్పమన్నారు" అనేది. ఆ వేలి దెబ్బలో ఆనందం ఉండేది కాదు.

అలా ఉండగా జపాన్ నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడన్నారు. తాతల కాలం నుంచి సాకే చేసే ఇంటివాడు. ఆయన సీసాలతో, మా వంటతో ఒక విందు. ఆయన సీసాలు విమానంలో ముందే వచ్చాయి. అందులో ఒకటి మజ్జిగ తేటలా కాకుండా, చిక్కటి గంజిలా తెల్లగా ఉండే రకం, వేడి చెయ్యకుండా పచ్చిగా నింపింది, ఎప్పుడూ చల్లగానే ఉండాలి, లేకపోతే ఇంకా పులిసి పాడైపోతుంది. కార్గోలో ఏ షెడ్డులో, ఏ వేడిలో, ఎంతసేపు పడి ఉందో మాకెవరికీ తెలియదు. మా దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ చల్లగానే ఉంది.

విందు రోజు మధ్యాహ్నం స్టోరు గదిలో సీసాలన్నీ చూశాం. ఆ తెల్లది ఆఖర్న మిగిలింది. గిన్నెలో పోస్తే నీలి వలయాలు కనిపించలేదు, ఆ రకానికి ఎలాగూ కనిపించవు. కళ్ళు సాయం రాని సీసా అది. నేను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఒక్కసారిగా మా అవ్వ ఇంట్లో ఉన్నాను. మూలన సద్దికుండ, రాత్రి అన్నంలో పోసిన గంజి పొద్దుటికి పులిసిన వాసన, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. అవ్వ చెయ్యి కుండలోకి పోతోంది. ఎన్నేళ్ళయిందో ఆ వాసన తగిలి. నా మొహం ఏమైందో నేను చూడలేదు గదా, ఆవిడ చూసింది.

గుక్క ఉమ్మేసి, "పులుపు కాస్త ఎక్కువుందేమో" అంది. "ఇంకోసారి చూడు."

మళ్ళీ చూశాను. మళ్ళీ అవ్వే.

"ఏం గుర్తొచ్చింది?"

"మా అవ్వ."

ఆవిడ మొహంలో ఎన్నాళ్ళకో కాస్త నవ్వు కనిపించింది. "అయితే ఇంకేం కావాలి? నీ ఉప్పు కానాగంతతో ఇదే పంపుతాను" అంది.

సాయంత్రం నేను చేపలు కాల్చి పంపాను. కాసేపటికి బయట మాటలు ఆగిపోయాయి. వంటింటి కిటికీలోంచి చూశాను. పెద్దాయన గిన్నె ముక్కు దాకా తీసుకెళ్ళి, తాగకుండా కింద పెట్టి, దాని మీద అరచెయ్యి కప్పి కూర్చున్నాడు. పక్కవాళ్ళ గిన్నెలు కూడా దగ్గరికి తీసుకుని ఒక్కొక్కటిగా మూసేశాడు. తను చేసిన సరుకే, పాడైపోయింది, పరాయి దేశంలో తన పేరు మీద పోసేశారు.

ముదీర్ వంటింట్లోకి వచ్చాడు. వెనకాలే ఆ పెద్దాయనా వచ్చాడు. ముదీర్ ఆవిణ్ణి అడిగింది ఒక్కటే: బల్ల మీదికి పంపే ముందు దీన్ని నువ్వు వాసన చూశావా? ఆవిడ పెద్దాయన వైపు చూసింది. అప్పుడా పెద్దాయన ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసి, తన ముక్కు కొన మీద వేలు పెట్టుకుని, తల ఒక పక్కకి వంచాడు. భాష అక్కర్లేదు, ముక్కు పోయిందా అమ్మా అని అడిగాడు. ఆ కాలంలో ఎంతమందికి పోయిందో ఆయనకు తెలియదా? ఊఁ అంటే చాలు, జబ్బు మనిషని జాలి పడేవాళ్ళు. కానీ ఊఁ అంటే తర్వాతి ప్రశ్న ఒకటుంటుంది. మరి ఇన్నాళ్ళూ ఎవరి ముక్కుతో చూశావు?

ఆవిడ లేదన్నట్టు తల ఊపింది. "నేనే వాసన చూశాను. నాకు బాగుందనిపించింది" అని ముదీర్‌తో ఇంగ్లీషులో చెప్పింది.

సాకే చూసే మనిషి పాడైన సాకేని బాగుందనిపించింది అని చెప్పుకుంటే, ఇక ఆ మనిషిని ఏ హోటలూ గుమ్మం ఎక్కనివ్వదు. అది నాకూ తెలుసు. గ్రిల్ వదిలేసి ముందుకొచ్చాను. నోరు తెరిచాను. ఆవిడ నా వైపు చూడకుండానే, తెలుగులో, మామూలు గొంతుతో, "నువ్వు నీ పొయ్యి దగ్గరికి పోరా. చేప మాడిపోతోంది" అంది.

నిజంగానే మాడుతోంది. వంటిల్లంతా పొగ. అక్కడున్న అందరికీ ఆ వాసన వస్తోంది, ఆవిడకి తప్ప. నన్ను ఆపడానికి నోటికొచ్చింది అంది, అంతే. నేను వెనక్కి పోయి చేపని తిరగేశాను.

ఆవిడ నా కోసమే అలా చెప్పిందంటే నాకు గొప్పగా ఉంటుంది. ఏమో, తన కోసమేనేమో కూడా. ఆ రాత్రే ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. రెండు రోజులాగి అల్ నహ్దాలో వాళ్ళ బిల్డింగు కింద టీ కొట్టు దగ్గర నిలబడి బతిమాలాను. "చెప్పెయ్ అక్కా, జబ్బని చెప్పెయ్. నన్ను పంపితే పంపుతారు."

"తప్పు చేసిన మనిషికి ఇంకో చోటు దొరుకుద్దిరా. ముక్కు లేని మనిషికి ఎక్కడ దొరుకుద్ది?" అంది. టీ ఒక గుక్క తాగి అడిగింది: "అవ్వ ఎందుకు గుర్తొచ్చింది నీకు?"

"సద్దికుండ అక్కా. గంజి పులిసిన వాసన."

ఆవిడ టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకుంది. "తరవాణి" అంది. "మా వైపు తరవాణి అంటారు. మా అమ్మమ్మ కుండ కడిగేది కాదు, పులుపు పోతుందని. నా ముక్కు ఉంటే నేనూ నీలాగే వెలిగిపోయేదాన్నిరా. కానీ బల్ల మీదికి పంపేదాన్ని కాదు." ఆ మాటతో నన్ను తప్పు పట్టలేదు. అరువు ముక్కుకీ తన ముక్కుకీ తేడా ఎక్కడుందో చూపించినట్టు అంది.

ఇంకో చోటు దొరకలేదు. ఆవిడ అనుకున్నంత పెద్దది కాదు ఈ దుబాయ్, మాట ముందే చేరిపోయింది. వీసా గడువున్నంత కాలం గదిలో కూర్చుని ఆ నాలుగు డబ్బాలూ పీలుస్తూ గడిపింది. నేను సెలవు రోజు వెళ్తే తలుపు తీసిన చేతిలో కూడా ఒక డబ్బా ఉండేది. వంటలో ఉప్పు ఎక్కువయ్యేది, కారం మరీ ఎక్కువయ్యేది. వాసన లేని తిండిలో మంటొక్కటే గట్టిగా తెలుస్తోందని పచ్చిమిరపకాయలు ఉత్తవే కొరుక్కునేది. ఒకసారి కూర మాడి పక్కింటి మలయాళీ ఆవిడ తలుపు బాదితే గాని తెలియలేదు. "దేవుడు నా ముక్కునే ఎంచుకున్నాడు చూడు" అని గోడకున్న సిలువ వైపు చూసేది. ప్రార్థనో, పోట్లాటో నాకు తెలిసేది కాదు.

వెళ్ళిపోయే రోజు షార్జా ఎయిర్‌పోర్టుకి వెళ్ళాను. పొద్దున పూట. పని చొక్కాతోనే వెళ్ళాను, అక్కణ్ణుంచి అటే డ్యూటీకి పోవాలని. ట్రాలీ మీద రెండు సూట్‌కేసులు, పైన ఆ తెల్ల గిన్నె ఉన్న చిన్న పెట్టె. జుట్టు దువ్వుకుంది గాని మనిషి సగమైపోయింది. నేను సూట్‌కేసు పట్టీ ఊరికే బిగిస్తున్నాను.

ఆవిడ హఠాత్తుగా తల ఎత్తింది.

"ఏరా," అంది. "అత్తరు పూసుకొచ్చావు కదూ?"

నేను ఆవిడ మొహం చూశాను. ముక్కుపుటాలు కదులుతున్నాయి. కళ్ళు పెద్దవయ్యాయి. నటిస్తోందో, నిజంగానే వస్తోందనుకుంటోందో ఆ మొహంలో నాకు దొరకలేదు. మొహం చదివే విద్య ఆవిడది, నాది కాదు.

"ఎల్లి కడుక్కుని రా," అంది. "చెవుల వెనకాల కూడా."

వాష్‌రూముకి వెళ్ళాను. మణికట్లు కడుక్కున్నాను. మెడ కడుక్కున్నాను. చెవుల వెనకాల సబ్బు పెట్టి రుద్ది రుద్ది కడుక్కున్నాను. అద్దంలో చూసుకోలేదు. నీళ్ళు కారుతూనే తిరిగొచ్చి, "ఇప్పుడు చూడక్కా" అని ఎదురుగా నిలబడ్డాను.

దగ్గరికి వచ్చింది. కళ్ళు మూసుకుంది. ముందు ఎడమ వైపు, తర్వాత కుడి వైపు, నిదానంగా పీల్చింది.

"ఊఁ," అంది. "పోయింది."

ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ రోజు పండగ కాదు. నేను అత్తరు పూసుకోలేదు.